పదియేండ్ల బాలుని వీడ్కోలు

కల్పితుని కొరకు కన్నీరు కార్చుట తగునా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. హరిశ్చంద్ర నాటకమున కాటిసీను వచ్చినపుడు కొంగుతో కన్ను లొత్తుకొనని యిల్లాలు అరుదు. ఆమెను వెఱ్ఱిదని యెవ్వరును అనలేదు. కాని ఆ దుఃఖము తెరతో కూడ దిగిపోవును. ఇరువదియారేండ్లు సాగిన కథనుండి నాయకుడు నిష్క్రమించినపుడు కలుగు దుఃఖ మట్టిది కాదు. దానిని గూర్చి యించుక విచారింతము.

జపాను దేశమున టీవీ టోక్యో సంస్థ 1997 ఏప్రిల్ 1వ తేదీన 'పోకెమాన్' అను కదలుబొమ్మల ధారావాహికను ప్రసారము చేయ నారంభించెను. నాయకుడు సతోషి, ఇతర దేశములం దాతని పేరు యాష్. పసుపువన్నెగల పికచు అను చిన్నజంతువును తోడు చేసికొని, 'పోకెమాన్ మాస్టర్' కావలెనని యిల్లు వెడలిన పదియేండ్ల బాలు డాతడు. ఎన్ని ఋతువులు గడచినను వానికి పదునొకండవ యేడు రాలేదు. మత్సుమోతో రికా యను నటియే మొదటినుండి తుదివరకు వానికి గొంతు నిచ్చెను. వాడు గెలిచిన పోటీలకంటె ఓడిన పోటీలే మనసున నిలుచును. 2016లో, కథలోని కాలోస్ సీమ పోటీయందు తుదిమెట్టున వాడు పరాజితు డైనపుడు ప్రేక్షకులు తమ బిడ్డకే యన్యాయము జరిగినట్లు రచయితలపై మండిపడిరి. 2022 నవంబరులో వాడు ప్రపంచవిజేత యయ్యెను. టోక్యోలోని షిబుయా కూడలి పెద్దతెరలపై ఆ విజయము ప్రదర్శింపబడెను. ఆ సంతోషము చల్లారకముందే, డిసెంబరు 16న, వాని కథ ముగియనున్నదని ప్రకటన వెలువడెను. 2023 మార్చి 24న కడపటి భాగము వచ్చెను.

అపుడు దేశదేశముల పెద్దవారు ఏడ్చిరి. పిల్లలు కాదు, పెద్దవారు, విచిత్ర మిదియే.

మా మేనల్లు డొకడు, ముప్పది దాటినవాడు, ఒక బిడ్డకు తండ్రి, ఆ భాగమును చూచి కంటతడి పెట్టెను. మేము నవ్వితిమి. అతడు కోపింపలేదు. "మామయ్యా, నేను బడినుండి వచ్చునప్పటికి అమ్మ ఆఫీసునుండి వచ్చెడిది కాదు. తాళము తీసికొని లోపలికి పోయి టీవీ పెట్టినచో వాడుండెడివాడు" అని మాత్ర మనెను. మేము మరి నవ్వలేదు. కొంతసేపటికి, "ఈ నడుమ చూచుచునే యుంటివా?" యని యడిగితిమి. "లేదు. ఇంటరులో మానివేసితిని" అని తల వంచుకొనెను.

ఆ తల వంచుటయే మాకు విషయమును తెలిపినది. విలపించిన పెద్దవారిలో పెక్కండ్రు సతోషిని ఏనాడో విడిచినవారే. వాడు ఎదుగలేదు గాన వానికి పోవుటకు చోటు లేదు. ఎదిగినవారు వీరు, పోయినవారును వీరే. పోవునపుడు చెప్పి పోలేదు. పరీక్షలు వచ్చెను, మీసములు మొలిచెను, బొమ్మలు చూచుట సిగ్గయ్యెను. ఒక సాయంకాలము టీవీ పెట్టలేదు, అంతే. తాము తిరిగి చూడకున్నను వాడక్కడనే యుండునను ధైర్య ముండెను. ఆ వాకిలియు మూసిరని తెలిసినపుడు, పదునైదేండ్ల నాడు తీసికొనవలసిన సెలవు ఒక్కసారిగా గొంతున కడ్డుపడెను. ఇది వెఱ్ఱి కాదు. ఆలస్యముగ తీర్చిన యొక బాకీ.

అయినను, ఏడ్చుటకు హక్కున్న వారికెల్ల ఆపుటకు హక్కు గలదా? వాడుండవలసినదే యనియు, పెరిగి పెద్దవాడై తమ యీడు కావలసిన దనియు వాదించినవారు కలరు. చదువరుల పట్టుదల కాదనరానిది. 1893లో కానన్ డాయిల్ తన షెర్లాక్ హోమ్సును చంపివేసి, చదువరుల కోపము చూచి, 1903లో మరల బ్రతికింపవలసి వచ్చెను. జపానులోనే 1974లో డోరేమాన్ వీడ్కోలు చెప్పి మరునెలకే తిరిగివచ్చెను. కాని సతోషి ముప్పదియాఱేండ్లవా డైనచో వాడు మా మేనల్లుని తోడు కాగలడే గాని, నేడు తాళము తీసికొని ఒంటరిగ లోపలికి పోవు పదియేండ్ల పిల్లకు తోడు కాగలడా? ఆ పిల్లకొరకు ఏప్రిల్ 14న లికో యను బాలిక ముఖ్యపాత్రగ క్రొత్త కథ మొదలయ్యెను. ఇన్నేండ్లకు ఆ పీఠమున నొక యాడపిల్ల కూర్చున్నందుకు మేము సంతోషించితిమి. ఇదంతయు వర్తకమే యనువారితో మాకు తగవు లేదు. వర్తకులు బాలుని పంపిరి గాని పికచు రూపమును పంపలేదు. క్రొత్తకథయందును వేఱొక పికచు టోపి పెట్టుకొని ఓడ కప్తానై వచ్చినది!

కడపటి భాగమున సతోషి మాస్టర్ కాలేదు, పెద్దవాడును కాలేదు. మరల దారిపట్టెను, అంతే. ఇంతకేనా యని కొందఱు నొచ్చుకొనిరి. వానికి కిరీటము పెట్టి కూర్చుండబెట్టియుండిన, వాని నెఱిగినవారికి అంతకంటె నొప్పి కలిగెడిదని మా యభిప్రాయము.

మొన్న మా మేనల్లుని యింటికి పోయితిమి. వాని కూతురు లికో కథ చూచుచున్నది. వాడు గుమ్మమున నిలువబడి చాలసేపు చూచెను. "నాన్నా, నీకిది తెలియదులే, కూర్చో, చెప్పెదను" అని పిల్ల జరిగి చోటిచ్చినది. వాడు పోయి కూర్చుండెను.