గన్నేరు పూసిందిట!

ఈమధ్య ఎక్కడ నలుగురు చేరినా ఒక మాట వినిపిస్తోంది. ఎండలు మండిపోతున్నాయనో, చెరువులు పూడ్చి మేడలు కట్టేస్తున్నారనో ఎవరైనా బెంగపడితే చాలు, పక్కనున్న పెద్దమనిషి నిబ్బరంగా నవ్వి "మనం పోతే పోతాం గాని, భూమికేం లోటమ్మా! జీవం ఎక్కడికీ పోదు" అనేస్తాడు.

అబద్ధం కాదు. సుమారు 25 కోట్ల ఏళ్ల కిందట సైబీరియాలో అగ్నిపర్వతాలు లావా కక్కితే, సముద్రంలోని జీవజాతుల్లో నూటికి 80కి పైగా తుడిచిపెట్టుకుపోయాయిట. అయినా మిగిలినవాటితోనే సముద్రం మళ్లీ నిండింది. 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట మెక్సికో దగ్గర గ్రహశకలం పడ్డాక, అంత లావు డైనోసార్లూ పోయాయి. వాటి వంశంలో మిగిలినవి పక్షులు. మన పెరట్లో కోడి కూడా ఆ వంశానిదే! మసాలా నూరేటప్పుడు ఈ సంగతి గుర్తు రాకపోవడమే మంచిది.

ఇదంతా వినడానికి ధైర్యంగానే ఉంటుంది. కాని ఆ పెద్దమనిషిని ఒకటి అడగాలనిపిస్తుంది నాకు. ఈ 'జీవం' అంటే ఎవరండీ? దానికి ఆకలేస్తుందా? జ్వరమొస్తే అమ్మను పిలుస్తుందా? నేను పిచ్చుకను చూశాను, పసిపిల్లను చూశాను. జీవాన్ని మాత్రం విడిగా ఎక్కడా చూడలేదు. సైబీరియా లావా తర్వాత సముద్రం కోలుకోవడానికి దాదాపు కోటి ఏళ్లు పట్టిందంటారు. అప్పుడైనా పోయినవి రాలేదు, వేరేవి వచ్చాయి. అంతకుముందు 25 కోట్ల ఏళ్లకు పైగా బతికిన ట్రైలోబైట్లు ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు.

అంత దూరం ఎందుకు, హిరోషిమా ఉంది. 1945 ఆగస్టు 6న బాంబు పడ్డాక, ఆ నేలలో డెబ్భై అయిదేళ్లదాకా ఏదీ మొలవదని చెప్పుకున్నారు. అలాంటి చోట అన్నిటికన్నా ముందు గన్నేరు పూసిందిట! మన ఇళ్లల్లో దేవుడికి పెట్టే గన్నేరే. ఇప్పుడది ఆ నగరపు పుష్పం. కాలిన గింకో చెట్లు మరుసటి వసంతానికే చిగిర్చాయి. ఆ చిగుళ్లు చూసి అక్కడి జనం గుండె చిక్కబట్టుకున్నారు.

గుండె చిక్కబట్టుకున్నది కాలినవాళ్లు. ఆ ఏడాది ఆఖరుకి లక్షా 40 వేలమంది పోయారని అంచనా. వాళ్ల పిల్లల్నీ, తల్లుల్నీ పోగొట్టుకున్నవాళ్లకి ఆ పువ్వు ఓదార్పు. బాంబు వేసినవాడే వచ్చి, అదే పువ్వు చూపించి, "చూశారా, ఏం కొంప మునిగింది?" అంటే మనం ఊరుకుంటామా? చెరువు పూడ్చినవాడు 'జీవం ఎక్కడికీ పోదు' అన్నా నాకు అలాగే వినిపిస్తుంది.

హిరోషిమాలో ఆనాటి చెట్లకి ఒక్కోదానికి ఒక్కో పలక తగిలించారు. బాంబు పేలిన చోటికి ఆ చెట్టు ఎంత దూరమో దానిమీద రాసి ఉంటుంది. హోసెన్‌బో అనే గుడి దగ్గర గింకో ఒకటుంది, సుమారు 1,100 మీటర్ల దూరంలో. గుడి తిరిగి కట్టినప్పుడు ఆ చెట్టు మెట్లకి అడ్డొచ్చింది. చెట్టు కొట్టలేదు. మెట్లనే రెండుగా చీల్చి, దానికి అటొకటీ ఇటొకటీ కట్టుకున్నారు.