మోకాలి లోతు

బాబాయికి స్టెంటు వేసి రెండు నెలలైంది. రోజూ నడవమని డాక్టరు చెప్పారు. ఆయన మాత్రం వీధి అరుగు దాటలేదు.

"కాస్త ధైర్యం రానీ అమ్మా, నడుస్తాను."

"ధైర్యం వచ్చాక నడుస్తారా, నడిస్తే ధైర్యం వస్తుందా బాబాయ్?"

"ఈత రానివాణ్ణి చెరువులో దిగమంటావా?"

"దిగకుండా ఈత ఎవరికొచ్చింది? నాకు నేర్పింది మీరే కదా! నడుముకి సొరబుర్ర కట్టి, ముందు మోకాలి లోతులోనే దింపారు."

ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. "చెరువు బయట ఉంటుంది. ఇది లోపలుంది. అరవై ఏళ్లు అడక్కుండా పనిచేసింది, ఒక తెల్లవారుజామున మోసం చేసింది. మళ్లీ ఎలా నమ్మను?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇక ఎప్పటికీ ఏమీ కాదన్న హామీ ఏ గుండే ఇవ్వదు, నాది కూడా. కానీ ఈ పూట ఈ నాలుగు మెట్లు ఎక్కగలనన్న నమ్మకం వేరు. సైకాలజిస్టు ఆల్బర్ట్ బండూరా 1977లో రాసింది ఈ రెండోదాని గురించే. ఎవరో చెప్పిన ధైర్యం కన్నా, తాను చేసి చూసిన పనే దానికి గట్టి ఆధారమన్నాడు. బాబాయికి అదే చెప్పాను.

"నేను సరేనన్నా మీ పిన్ని అడుగు పడనివ్వదు," అన్నారు బాబాయి.

వంటింట్లోంచి పిన్ని వచ్చింది. "ఆ రోజు ఆటోలో ఈయన తల నా ఒళ్లో ఉంది. నా భయం మీకేం తెలుసు?"

నిజమే. గుండెపోటు ఒకరికి వస్తుంది, భయం ఇంటిల్లిపాదికీ పట్టుకుంటుంది. అందుకే ఆమెకు స్టాన్‌ఫర్డ్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి చెప్పాను. బండూరా కూడా ఉన్న బృందం దాన్ని 1985లో ప్రచురించింది. గుండెపోటు వచ్చి మూడు వారాలైన మగవాళ్లను ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. కొందరి భార్యలు బయటే ఉన్నారు, కొందరు దగ్గరుండి చూశారు. మరికొందరు చూడటమే కాదు, భర్త ఎంత శ్రమ దాకా వెళ్లగలిగాడో ఆ స్థాయిలో తామూ మూడు నిమిషాలు నడిచారు. భర్త గుండె తట్టుకోగలదన్న నమ్మకం, ఆ భర్తకున్నంతగా పెరిగింది ఇలా నడిచినవాళ్లకే. ఊరికే చూసినవాళ్లకు అంత పెరగలేదు.

"మూడు నిమిషాలేనా?"

"మూడే, పిన్నీ."

"దారిలో ఆయాసమొస్తే?"

"నడిస్తే చెమటా వస్తుంది, గుండే వేగంగా కొట్టుకుంటుంది. నడుస్తూ మాట్లాడగలిగితే ఫర్వాలేదు. మాట తెగిపోతుంటే వేగం తగ్గించాలి. ఛాతీలో బిగుతు, దవడలోకో చేతిలోకో నొప్పి, కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా ఆగిపోవాలి. ఆగినా తగ్గకపోతే 108కి ఫోన్ చెయ్యాలి."

పిన్ని ఆ గుర్తులన్నీ మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. మర్నాడు పొద్దున బాబాయి కంటే ముందు తనే చెప్పులు వేసుకుంది. ఇద్దరూ వీధి చివర వేపచెట్టు దాకా వెళ్లి వచ్చారు.