ఏ పొద్దుకు ఆ పొద్దు

ధ్యాన భాగం: నిర్గమకాండము 16:13–30

తెల్లారకముందే అలియాబాద్ చౌరస్తాలో బస్సు కోసం నిలబడేవాళ్లంతా డ్యూటీలకు పోయేవాళ్లే కారు. స్కానింగ్ ఫిల్ముల కవరు చంకన పెట్టుకొని, 1955 నుంచి పేదలకు దిక్కైన రెడ్ హిల్స్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రికి బయలుదేరేవాళ్లూ ఉంటారు.

ఈ రోజు అడ్రినల్ గ్రంథి క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకినవారిని తలుచుకుందాం. ఏడాదికి పది లక్షల మందిలో ఒకరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఇది. మూత్రపిండం పైన ఉండే ఆ గ్రంథి నాలుగైదు గ్రాములకు మించి తూగదు. కొందరిలో గడ్డ కార్టిసాల్ అనే హార్మోన్‌ను విపరీతంగా ఊరిస్తుంది. ముఖం గుండ్రమవుతుంది, పొట్ట పెరుగుతుంది. "ఒళ్లు చేశావే!" అని చుట్టాలు మెచ్చుకుంటారు కూడా.

దీనికి వాడే ముఖ్యమైన మందు మైటోటేన్. అమెరికాలో 1970లోనే అనుమతి పొందింది. అది చెడ్డ కణాలతోపాటు గ్రంథిలోని మంచి కణాలనూ చంపుతుంది. అందుకే రోగి కార్టిసాల్‌కు బదులుగా రోజూ హైడ్రోకార్టిసోన్ బిళ్ల వేసుకోవాలి. మనకైతే తెల్లవారుజామున, ఇంకా నిద్రలో ఉండగానే, ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది. గ్రంథి దాన్ని నిల్వ చేసుకోదు, ఎప్పటికప్పుడు తయారుచేస్తుంది. అడక్కుండానే అందుతోంది కాబట్టి మనం దానికి స్తోత్రం చెప్పిందీ లేదు.

ఎడారిలో ఇశ్రాయేలీయులకు దొరికిన మన్నా కూడా అంతే. మర్నాటికి దాచుకున్నవాళ్లకు పురుగు పట్టింది. ఆరో రోజున మాత్రం రెండంతలు ఏరుకోనిచ్చాడు దేవుడు. ఈ రోగులకు జ్వరమొస్తే డాక్టర్లు కూడా ఆ బిళ్ల మోతాదు రెట్టింపో అంతకన్నా ఎక్కువో చేస్తారు.

వాళ్లింటికి వెళ్లి "విశ్వాసముంటే తగ్గిపోతుంది" అనకండి. ఉన్న బరువు చాలదా? మోషే మన్నా తిన్నవాడే. కనానును కొండ మీంచి చూశాడేగాని అడుగు పెట్టలేదు. అయినా ఆఖరి రోజు దాకా ఆయన వాటా ఆయనకు అందింది. వెళ్తే బిళ్లలు ఎన్నున్నాయో అడగండి. అవి ఒక్కసారిగా ఆగిపోతే ప్రాణం మీదికొస్తుంది. అయిపోకముందే తెచ్చిపెట్టండి.

ప్రార్థన: ప్రభువా, ఈ రోజు ఓపీ లైనులో నిలబడే ఓపిక ఇవ్వు. దగ్గు, ఆయాసం తగ్గించి ఈ రాత్రి కంటినిండా నిద్ర పోనివ్వు. తోడు వెళ్లినవాళ్లకు వేళకు తిండి దొరకనివ్వు. మా పక్కనే తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో మందుల మీద పనిచేసేవారు ఇంత కొద్దిమందికి వచ్చే జబ్బునూ పట్టించుకొనేలా చెయ్యి. ఆమెన్.