పాత మాండలిన్‌లో పాతది ఏది?

భాగాలు ఒక్కొక్కటిగా మారిపోయిన వస్తువు మునుపటి వస్తువే అవుతుందా అన్నది భారతీయ దర్శనాలలో చిరకాలంగా చర్చకు నిలిచిన ప్రశ్న. పాత ఎలక్ట్రిక్ మాండలిన్ వయసును నిర్ణయించబూనినవారికి అదే ప్రశ్న ఎదురవుతుంది. గిబ్సన్ సంస్థ 1936లో తెచ్చిన ఈఎం-150, ఫెండర్ సంస్థ 1956లో నాలుగు ఒంటి తీగలతో తెచ్చిన మాండలిన్ వంటి వాద్యాలలో, ధ్వని హెచ్చుతగ్గులను నియంత్రించే పొటెన్షియోమీటరుపై ముద్రించే అంకెలు తయారీసంస్థనూ ఏడాదినీ వారాన్నీ తెలుపుతాయి. 1376612 అని ఉంటే దానిని సీటీఎస్ సంస్థ 1966 పన్నెండో వారంలో తయారు చేసిందని అర్థం.

17వ శతాబ్దిలో తర్కసంగ్రహం రచించిన తెలుగు నైయాయికుడు అన్నంభట్టు వివరించిన అనుమానం, అంటే గుర్తును బట్టి కనబడనిదానిని నిశ్చయించే ప్రమాణం, వ్యాప్తిపై ఆధారపడుతుంది. పొగ ఉన్నచోట నిప్పు తప్పక ఉండడం వంటి నియతసంబంధమే వ్యాప్తి. పై అంకెకు భాగం పుట్టిన కాలంతో అటువంటి సంబంధం ఉంది గాని వాద్యం పుట్టిన కాలంతో లేదు. భాగం మొదటినుంచీ ఉన్నదైతే వాద్యం అంతకు ముందుది కాదని మాత్రమే తేలుతుంది, నడుమ మార్చినదైతే అదీ తేలదు.

న్యాయవైశేషికుల మతంలో అవయవి, అనగా భాగాలను ఆశ్రయించి నిలిచే సమగ్రవస్తువు, ఒక భాగం పోగానే నశించి, మిగిలినవాటినుంచి కొత్త అవయవి పుడుతుంది. బౌద్ధగ్రంథమైన మిలిందపన్హలో నాగసేన భిక్షువైతే రథమన్నది భాగాల కూర్పుకు వ్యవహారంలో పెట్టుకున్న పేరు మాత్రమేనంటాడు. ఈ రెండు మతాలలో దేనిని గ్రహించినా, మరమ్మతు పొందిన వాద్యంలో చెక్కుచెదరని పాతదనాన్ని ద్రవ్యంలో చూపడం కష్టం.

అయితే పాతదనం ద్రవ్యంలోనే ఉండనక్కరలేదు. నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ తెచ్చిన పన్నెండు మెట్ల కిన్నెర సొరబుర్రలతో, వెదురుతో కూడిన వాద్యం. బుర్ర పగిలితే మరొకటి అమర్చుకోవలసిందే అయినా, తరతరాలుగా వచ్చిన పాట, పలికించే విద్య తెగనంతవరకు కిన్నెర సంప్రదాయం ఒక్కటే. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ విద్వాంసుడు ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) విషయం దీనిని మరింత స్పష్టం చేస్తుంది: గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ వాయించేవారు కారు, ఆయన పాడి వినిపించగా శిష్యుడు దానిని తీగపై పలికించాడు, గమకాల కోసం జంట తీగలు విడిచి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ చేపట్టాడు. వాద్యం కొత్తది, దాని అమరిక మారింది, అయినా దానిలో పలికిన కర్ణాటక సంగీతం ప్రాచీనం.

కాబట్టి ప్రాచీనత రెండు విధాలు: ద్రవ్యానిది ఒకటి, సంప్రదాయానిది మరొకటి. మొదటిది సత్యనిష్ఠతో నిర్ణయించవలసినది, రెండవది భక్తితో కొనసాగించవలసినది. ధరకు ఆధారమైన మొదటిదానిని పూజించి రెండవదానిని మరవడం వివేకం కాదు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో పాత మాండలిన్‌గాని కిన్నెరగాని ఉన్నవారు మరమ్మతులో ఏ భాగం ఎప్పుడు మార్చారో రాసి ఉంచాలి, తీసిన భాగాన్ని భద్రపరచాలి, అన్నిటికీ మించి ఆ వాద్యాన్ని నేర్వగోరే పిల్లల చేతికి అందించాలి.