పసిడిలో పొదిగిన అస్థికలు

విగ్రహారాధనమును నిషేధించిన క్రైస్తవధర్మము తన పునీతుల యెముకలను రత్నఖచితములైన భరిణెలయందుంచి వాని యెదుట మోకరిల్లుట యెట్లు పొసగునను సందేహము నేటి హేతువాదులకు క్రొత్తగా పుట్టినది కాదు. వేయి సంవత్సరములకు పూర్వమే, 1013 ప్రాంతమున, దక్షిణ ఫ్రాన్సునకు యాత్రార్థియై బయలుదేరిన ఆంజే పట్టణపు బెర్నార్డు అను పండితుడు, ఓరియాక్‌లో పునీత జెరాల్డుని సువర్ణప్రతిమకు మ్రొక్కుచున్న పల్లెజనమును గాంచి, ఇట్టి ప్రతిమ తమకున్నచో జూపిటరైనను మార్సైనను సంతసింపకుందురా యని సహయాత్రికునితో లాటినుభాషలో పరిహాసమాడెను. పామరులకు తెలియని భాషలో పామరులను పరిహసించుట పండితులకు అన్ని దేశములందును గల వేడుకయే!

అటనుండి ఆయన కాంక్ గ్రామమునకు చేరెను. అచటి మఠమున పూజలందుచుండినది, ఆజాన్ నగరమున నాల్గవ శతాబ్ది ప్రారంభమున అన్యదేవతలకు బలియర్పింప నిరాకరించి ప్రాణములు విడిచినదని సంప్రదాయము చెప్పు ఫోయి యను బాలిక. కొయ్యపై బంగారు రేకు తాపి, భక్తులర్పించిన మణులను తరతరములుగా పొదుగుచు వచ్చిన యామె ఆసీనప్రతిమలో ఆమె కపాలభాగము నిక్షిప్తమై యున్నది. ముఖము మాత్రము బాలికది కాదు. రోమక సామ్రాజ్యపు చివరినాళ్ళ పసిడి శిరస్సునొకదానిని తెచ్చి యామె భుజములపై నమర్చిరి. పరిహాసబుద్ధితో వచ్చిన బెర్నార్డు అచట మనసు మార్చుకొని, ఇది మనుష్యాకృతి దాల్చిన పేటికయే గాని విగ్రహము కాదనియు, హతసాక్షిని స్మరింపజేయు సాధనమనియు సమాధానపడి, ఆమె మహిమలను గ్రంథస్థము చేసెను.

ఆ సమాధానము నాకు సగమే యనిపించును. స్మరణమే ప్రయోజనమైనచో చిత్రపటము చాలును, ఎముక యేల? దేహమును జీర్ణవస్త్రముగా నెంచుటకు అలవాటుపడిన మనకు ఈ ప్రశ్న మరింత పదునుగా తగులును. (భట్టిప్రోలు స్తూపగర్భమున స్ఫటికపు భరిణెలో ధాతువులను భద్రపరచిన ప్రాచీనాంధ్ర బౌద్ధులకు ఈ యాచారము వింతగా తోచియుండదు గాని, వారి సిద్ధాంతము వేరు.) క్రైస్తవుని విశ్వాసమున ఈ దేహమే కడపటి దినమున తిరిగి లేవవలసినది, కావున పేటికలోని యెముక గతించిన బాలిక గుర్తుగానేగాక, రాబోవు బాలికకు సంచకరువుగా కూడ నిలిచినది. ఎముక యేమో అందరిదియు నొక్కతీరే. రాజుదో బంటుదో, పునీతునిదో పాపిదో అది తనంతట చెప్పజాలదు. అది పునరుత్థానమున పొందబోవు తేజస్సును ముందుగనే కంటికి చూపుటకు స్వర్ణకారుడు కావలసివచ్చెను.

అయితే పసిడి చేరినచోట బేరమును చేరును. ఆ ఫోయి అస్థికలే 866లో, ఆజాన్‌లో ఏండ్ల తరబడి నమ్మకముగా మెలగిన యొక కాంక్ సన్యాసి చేత అపహృతములైనవి. పునీతురాలికి సమ్మతము కానిచో దేహము కదలియుండదు గదా యనునది ఇట్టి చౌర్యములకు ఆ కాలము చెప్పిన సమర్థన. ఆ తర్కమునకు లొంగని దొంగతనము లోకమున లేదు. 1215లో క్రైస్తవసంఘపు లాటెరన్ మహాసభ పునీతుల అవశేషములను పేటిక వెలుపల చూపరాదనియు అమ్మరాదనియు శాసించినను, 1239లో ఫ్రాన్సు రాజగు తొమ్మిదవ లూయీ క్రీస్తు ధరించినదని చెప్పు ముళ్ళకిరీటమును వెనీసు వర్తకుల తాకట్టునుండి విడిపించి పారిసునకు తెప్పించుకొనెను. అది విక్రయము కాదు, ఋణవిమోచనమట! 1543లో మతసంస్కర్తయగు కాల్విను ఒకే పునీతునికి పలుచోట్ల వెలసిన శిరస్సులను లెక్కించి నవ్వినప్పుడు ఆ లెక్క సరియైనదే. ఆ లెక్క యీ వర్తకమును ఖండించును. దేహముపై గల ఆశను ఖండింపదు.

ఫ్రెంచి విప్లవకాలమున మఠముల వెండిబంగారములు కరగింపబడుచుండగా, కాంక్ గ్రామస్థులు తమ నిధిని ఇండ్లలో దాచి, భయము తొలగిన పిమ్మట తిరిగి తెచ్చి యిచ్చిరి. ఫోయి ప్రతిమ నేటికిని ఆ యూరనే యున్నది.