భావనకు నేర్పవలసిన విద్య

సాయంకాలము ఆరు గంటలకు రావలసిన కుమారుడు తొమ్మిదియైనను ఇల్లు చేరలేదు. వీధివాకిట నిలిచియున్న తల్లి మనస్సులో అప్పటికే బండి బోర్లపడినది; జనము గుమిగూడిరి; ఎవరో పరుగున వచ్చి కబురు చెప్పుచున్నారు. ఆ చెప్పువాని ముఖము సహితము ఆమెకు కానవచ్చుచున్నది. "క్షేమముగా వచ్చును, కలవరపడకుడమ్మా" అనినచో మాత్రము, "వచ్చును లెండి" అని యొక్క మాటతో సరిపుచ్చును. భయమును మనము రంగులతో చిత్రించుచున్నాము. ఆనందమును పొడిమాటలలో ముగించుచున్నాము. లోపమిచ్చటనే యున్నదని మా తలంపు.

ఇట్టి చిత్రలేఖనము ఊళ్లకూళ్లను పట్టుకొనుటయు గలదు. 1979వ సంవత్సరము జూలైలో అమెరికావారి స్కైలాబు భూమిపై కూలనున్నదని తెలిసినపుడు, అది తమ యింటిమీదనే పడునని తెలుగు పల్లెలలో ననేకులు భయపడిరి. ఇక బ్రతుకు లేదని కోళ్లను మేకలను కోసుకొని తినిన వారి కథలను పెద్దలు నేటికిని చెప్పుదురు. దాని తునుకలు హిందూమహాసముద్రమునను పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడెను. ఎవరికిని గాయము తగులలేదు. ఆ శాలయందే 1973–74లో ముగ్గురు మనుష్యులు 84 దినములు వసించి సూర్యుని పరిశీలించిరి. బిడ్డలకు ఆకాశమును చూపి ఈ సంగతి చెప్పదగిన తరుణమది. అదియు సత్యమే, అంతకంటె పెద్ద సత్యము. కాని దానిని తలచినవారెందరు?

భయము జాగ్రత్తను నేర్పును గదా యందురు. నిజమే. తల్లి టెలిఫోను చేయవలెను, మనిషిని పంపవలెను. అంతటితో భయము పని తీరినది. పిమ్మట నది చేయునదెల్ల కూలి లేని చాకిరి. పతంజలి యోగసూత్రముల రెండవ పాదమున ప్రతిపక్షభావనమను ఉపాయము చెప్పెను. ఆయన చెప్పినది హింసాదులను గూర్చి. మేము దానిని భయమునకును అన్వయించుచున్నాము. చెడుతలపును పొమ్మనినంతమాత్రమున పోదు. దాని చోట మరియొక తలపును, అంతే వివరముగా, నిలుపవలెను. గేటు చప్పుడు, వాకిట విడిచిన చెప్పులు, "ఆకలి వేయుచున్నదమ్మా" యను గొంతు. ఆమె లోనికిపోయి చారు వెచ్చచేయుట మేలు.

కుమారుడు రానేరానిచో? ఈ ప్రశ్న మమ్మును కూడ నిలిపివేసినది. ఆనందభావన జామీను కాదు. అయినను మూడు గంటలు తన్ను తానే చంపుకొనిన మనస్సుకంటె, నిబ్బరముగా నుండిన మనస్సే దుర్వార్తను మోయగలదని మేము నమ్ముచున్నాము.

పెద్దవయస్సున ఈ యభ్యాసము కష్టము. అన్నము తినని బిడ్డకు మన యిండ్లలో బూచిని చూపువారును గలరు, చందమామను చూపువారును గలరు. ముద్ద యెట్లైనను లోనికి పోవును. రాత్రివేళ పెరటిలోనికి పోవలసివచ్చినపుడు, బూచిని చూచిన బిడ్డ తల్లికొంగు విడువదు. రెండవది గడప దాటగానే తలయెత్తి పైకి చూచును.