అడగని మాట

కార్తీకమాసం చివర్లో ఒక సాయంత్రం. పున్నమి ఘాట్ దగ్గర దీపాలు వదిలి భవానీపురంలోని ఇంటికి నడిచి వస్తున్నాను. రోడ్డు వార గోనెపట్టా పరిచి ఒక పెద్దాయన కొండపల్లి బొమ్మలు పెట్టుకున్నాడు. అంబారీ ఏనుగు, కల్లుగీత మనిషి ఎక్కిన తాటిచెట్టు, ఎడ్లబండి. ఆ ఎడ్లబండిని ఒక చంటివాడు పట్టుకుని వదలడం లేదు. పక్కన తల్లీ తండ్రీ.

"ఎంతండీ?"

"నాలుగొందల యాభై అమ్మా."

"మూడొందలకి ఇవ్వండి."

పెద్దాయన కాదనలేదు, అవుననలేదు. బండి చక్రాన్ని వేలితో తిప్పి చూపించాడు. బేరం ఇంకో నిమిషంలో తెగేదే. ఆ నిమిషంలో నేను కల్పించుకున్నాను. "కొండపల్లి ఎంత దూరమండీ, ఇబ్రహీంపట్నం దాటితే వచ్చేస్తుంది. అక్కడ ఇదే బండి మూడొందల లోపే" అన్నాను. దంపతులు మొహమొహాలు చూసుకున్నారు. పిల్లవాడి చేతిలోంచి బొమ్మ తీసి పట్టా మీద పెట్టేశారు. వాడి ఏడుపు సందు మలుపు దాకా వినిపించింది. ఆ రాత్రివేళ వాళ్ళు కొండపల్లి వెళ్ళేది లేదు. బండి కొనలేదు, అంతే.

పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. కండువా అంచుతో బండి తుడిచి, దాని చోట దాన్ని పెట్టి, "మీకేమన్నా కావాలాండీ?" అని అడిగాడు. "వద్దండీ" అన్నాను. "మరి..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని దేవుడి ముందు కూర్చున్నా ఆ 'మరి' నన్ను వదల్లేదు. నేను చెప్పింది అబద్ధమా అంటే కాదు. కొండపల్లిలో ఆ ధర చెవులారా విన్నాను. నిజమే చెప్పాను కదా అని మనసు వాదించింది. గీత పదిహేడో అధ్యాయంలో భగవానుడు తపస్సును మూడుగా చెబుతాడు. శరీరంతో చేసేది, మాటతో చేసేది, మనసుతో చేసేది. మాటతో చేసే తపస్సులో సత్యం ఉండాలన్నాడు. అయితే సత్యం కంటే ముందు ఇంకొకటి పెట్టాడు. ఆ మాట ఎదుటివాడిని కలతపెట్టకూడదు. వినేవాడికి ప్రియంగానూ, హితంగానూ ఉండాలి. ఇన్నేళ్ళు ఆ శ్లోకం చదువుతూ సత్యం దగ్గరే ఆగిపోయాను. నిజం పలికితే చాలు, తపస్సు అయిపోయిందనుకున్నాను.

నా నిజం ఎవరికి హితమైంది? చంటివాడికా, పెద్దాయనకా, పొదుపు చేశామనుకుని వెళ్ళిన దంపతులకా?

ఆ నాలుగొందల యాభైలో ఏముందో కూడా ఆలోచించలేదు. కొండపల్లి బొమ్మ తెల్లపొణికి చెక్కతో చేస్తారు. ఆ చెక్కను సెగ మీద మెల్లగా ఆరబెట్టాలి. కాళ్ళు, చేతులు, కొమ్ములు వేరువేరుగా చెక్కి, రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపి చేసిన మక్కుతో అతకాలి. సున్నం పూత పూసి, ఆరాక సన్నని కుంచెతో రంగులు దిద్దాలి. అది అక్కడి లెక్క. దాన్ని సంచిలో వేసుకుని బస్సెక్కి ఇక్కడికి తేవాలి, చీకటి పడేదాకా రోడ్డు వార కూర్చోవాలి, అమ్మనిది మళ్ళీ మోసుకుపోవాలి. అది ఈయన లెక్క. చక్రం విరిగితే నష్టం ఆయనది, వాన పడితే నష్టం ఆయనది. అందులో ఏ నష్టంలోనూ నాకు పాలు లేదు. పాలు లేనివాడు ధర కట్టడమేమిటి?

మహాభారతం శాంతిపర్వంలో జాజలి కథ ఉంది. జాజలి మహాతపస్వి. కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేశాయి. అవి రెక్కలొచ్చి ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. ధర్మం సాధించేశానని పొంగిపోయాడు. అప్పుడొక అదృశ్యవాణి, కాశీలో తులాధారుడనే వ్యాపారికి నువ్వు సాటిరావని చెప్పింది. జాజలి వెతుక్కుంటూ వెళ్ళి చూస్తే ఆ తులాధారుడు సరుకులు అమ్ముకుంటున్న మనిషి! మర్యాదగా లేచి ఎదురొచ్చి, జడల్లోని పక్షుల సంగతి తానే చెప్పాడు. నా తక్కెడ అందరికీ సమానమేనని ఆయన అన్న మాట చాలామందికి గుర్తుంటుంది. నన్ను పట్టుకున్నది ఇంకో మాట. ఇతరులు చేసే పనులను నేను పొగడను, తెగడను అంటాడు తులాధారుడు. ఆకాశంలా ఈ లోకం కూడా ఎన్నో వన్నెలుగా ఉంటుంది, దాన్ని అలాగే చూస్తాను అంటాడు. బజారు మధ్య కూర్చుని, పొద్దస్తమానం నలుగురి ధరలు చెవిన పడుతుండగా, తన తక్కెడ తాను చూసుకున్న మనిషి ఆయన. జడల్లో పక్షిగూటిని మోయడం కంటే అది కష్టమని నాకిప్పుడు అనిపిస్తోంది.

బేరం తప్పని నేననను. బేరంలో ఒక ఆప్యాయత ఉంది. కాళేశ్వరరావు మార్కెట్లో పొద్దున్నే కూరగాయలామె "బోణీ బేరం, కాదనకండి బాబూ" అంటే, మనమిచ్చిన నోటును ఆమె కళ్ళకద్దుకుని తక్కెడకు తాకిస్తే, అది ఆమె చేసే సంధ్యావందనం. కొసరు వెయ్యమని అడగడం, నాలుగు మిరపకాయలు ఎక్కువ పడటం, రేపు మళ్ళీ రమ్మనడం, ఇదంతా కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య నడిచే ముచ్చట. మూడోవాడు ఆ ముచ్చటకు దూరంగా ఉండాలి. ఇద్దరి బేరం నడుస్తుండగా మరొకడు చొరబడి బేరమాడకూడదని హదీసుల్లో ప్రవక్త నిషేధించారు. బైబిల్ సామెతల గ్రంథం ఇరవయ్యో అధ్యాయం కొనేవాడి నైజాన్ని పట్టి చూపుతుంది. సరుకు ముందు నిలబడి బాగాలేదు, బాగాలేదని అంటాడు, కొనుక్కుని పక్కకు వెళ్ళాక గొప్పలు చెప్పుకుంటాడు. మన ఊళ్ళో కొండమీద అమ్మవారిని మొక్కేవారు, గుణదల మాతను మొక్కేవారు, మసీదుకు వెళ్ళేవారు ఒకే బజారులో కొంటారు. ముగ్గురికీ వారి పెద్దలు ఇంచుమించు ఒకే జాగ్రత్త చెప్పి ఉంచారు.

అలాగని నోరు కట్టేసుకోవాలా? 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వేళ పసిబిడ్డ పాలకోసం నీళ్ళలో నిలబడ్డ తల్లి దగ్గర ఎవరైనా రెండింతలు గుంజితే, చూసి ఊరుకోవడం పాపం. ప్యాకెట్ మీద అచ్చేసిన గరిష్ఠ ధరకంటే ఒక్క రూపాయి ఎక్కువ అడిగినా చట్టం ఒప్పుకోదు, అక్కడ గట్టిగానే అనాలి. సరుకు వేసే పళ్ళెం కింద చింతపండు అంటించి తూచేవాడిని చూసినా అంతే. ఎదుటివాడి ఇబ్బందినో, అమాయకత్వాన్నో దోచుకుంటున్నారా, లేక తమ వస్తువుకు తామొక ధర చెప్పుకుంటున్నారా అన్నదే చూసుకోవాలి. తన వస్తువు తనది. ఇంట్లో అమ్మ కుట్టుమిషను అమ్ముదామని ఫోన్లో ఫొటో పెట్టి ఆరువేలు అని రాసినామెకు, కొనే ఉద్దేశం లేని పదిమంది "అంతా?" అని రాయనక్కర్లేదు. ఆ ఆరువేలల్లో ఎంత ఇనుమో, ఎంత అమ్మో ఆమెకే తెలుసు. నిజంగా మేలు కోరితే పక్కకు పిలిచి, "ఈమధ్య ఇలాంటివి ఇంతకి పోతున్నాయమ్మా, చూసుకో" అని ఆమె ఒక్కదానికే చెప్పవచ్చు. అదీ ఆమె వినదలిస్తే.

మార్గశిరంలో అమ్మవారి దీక్ష పట్టిన భవానీలు ఎర్రబట్టలు కట్టి గిరిప్రదక్షిణకు వచ్చారు. కుమ్మరిపాలెం నుంచి సితార సెంటర్ దాకా ఇసకేస్తే రాలని జనం. రోడ్డు వారంతా పట్టాలు, పూసలు, గాజులు, బొమ్మలు. రెండు సాయంత్రాలు ఆ పెద్దాయన కోసం ఆ వార, ఈ వార చూసుకుంటూ నడిచాను. ఎడ్లబండ్లు కనిపించాయి గానీ ఆయన కనిపించలేదు. ఒకచోట ఒకావిడ ఏనుగు బొమ్మకు బేరమాడుతోంది. అమ్మే కుర్రాడు తల అడ్డంగా ఊపుతున్నాడు. ఆవిడ ఒకసారి నావైపు చూసింది. నేను చేతిలోని కొబ్బరికాయ వైపు చూసుకుంటూ నిలబడ్డాను. కాసేపటికి కుర్రాడు నవ్వి, ఏనుగును పాత పేపర్లో చుట్టడం మొదలుపెట్టాడు.